మోజెల్ ఇంటి బోసి మేకు

“నా బొమ్మ ఆవిడ సోఫా మీద గోడకి ఎందుకు వేలాడుతోంది? ముందు అది చెప్పు.”

వార్డెల్ ఇంకా చర్చికి వేసుకెళ్లిన కోటు కూడా విప్పలేదు. కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకున్నాడు.

ఆర్డెల్లా అతని పళ్లెంలో ఆకుకూర వడ్డిస్తోంది. చెయ్యి ఆగలేదు.

“తిన్నాక మాట్లాడుకుందాం,” అంది.

“తినను.”

“తినకపోతే మీ అమ్మ నన్నంటుంది.”

“నన్ను మధ్యలోకి లాగకమ్మా,” అంది ఎర్నస్టీన్, కొడుకు ముట్టని పళ్లెంలోంచి కోడి రెక్కని తన పళ్లెంలోకి మార్చుకుంటూ. “నేను భోజనానికి వచ్చాను. మీ పోట్లాట మీరు కానివ్వండి.”

అసలు సంగతి గంట క్రితం బయటపడింది. ప్రార్థన అయ్యాక, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని సిస్టర్ మోజెల్‌ని వార్డెల్ చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లాడు. ఆవిడ తాళం తీసింది. ఎదురుగోడ మీద అతని బొమ్మ కనిపించింది.

ఇంటి వెనక చెక్క వరండాలో తీగ మీద ఆరేసిన నీలం దుప్పటి. సరస్సు గాలికి నిండు చూలాలిలా ఉబ్బి ఉంది. దాని కింద నుంచి రెండు వట్టి పాదాలు. పెళ్లయిన వారంలో వేసిన బొమ్మ అది. ఆ పాదాలు ఎవరివో అడగక్కర్లేదు. ఎడమకాలి చిటికెనవేలు కాస్త వంకర.

ఆ బొమ్మ ఊరి పెద్ద మ్యూజియంలో ఉందని వార్డెల్ నెలరోజులుగా అనుకుంటున్నాడు. అనుకుని ఊరుకోలేదు. తను పనిచేసే సైన్‌బోర్డుల షాపులో అందరికీ చెప్పాడు. పాలవాడికి చెప్పాడు. బస్సులో పక్కన కూర్చున్న పరాయి మనిషికి కూడా చెప్పాడు.

“మ్యూజియం నుంచి ఆంబ్రోస్ వేసిన బొమ్మ తిరిగొచ్చేదాకా ఇదుంటుంది నాయనా,” అంది మోజెల్ టోపీకున్న పిన్నులు తీసుకుంటూ. “గోడ బోసిపోకూడదని నీ పెళ్లామే తగిలించి వెళ్లింది. ఎంత బుద్ధిమంతురాలో!”

ఆ బుద్ధిమంతురాలు ఇప్పుడు మొక్కజొన్న రొట్టెని ముక్కలు చేస్తోంది.

“ప్రదర్శనకి నా బొమ్మలు నాలుగు కావాలని అడిగావు,” అన్నాడు వార్డెల్. “నేనే పాత దుప్పట్లో చుట్టి, తాళ్లు కట్టి, కారు దాకా మోశాను.”

“ప్రదర్శనకే కావలసి వచ్చాయి. నేను అబద్ధం చెప్పలేదు.”

“నిజమూ చెప్పలేదు.”

ఆర్డెల్లా చేతిలో రొట్టె ముక్కలు మరీ చిన్నవైపోతున్నాయి.

“మిగతావి ఎక్కడున్నాయి?”

“ఒకటి మంగలి షాపులో. ఒకటి చర్చి పెద్ద డీకన్ ప్రూయిట్ గారింట్లో. ఇంకోటి…” ఆమె గొంతు తగ్గింది. “శవపేటికల షాపు ముందుగదిలో.”

ఎర్నస్టీన్ ఫోర్కు ఆగింది. “శవాల దగ్గరా?”

“శవాల దగ్గర కాదత్తయ్యా. బంధువులు వచ్చి కూర్చునే చోట.”

“వాళ్లు ఎలాగూ ఏడవడానికే వస్తారు. మావాడి బొమ్మ చూసి ఇంకాస్త ఏడుస్తారు.”

ఇంకో రోజైతే ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. వార్డెల్ నవ్వలేదు. అతను నవ్వకపోవడం చూసి ఆర్డెల్లా పెదవి కొరుక్కుంది.

ఆర్డెల్లా పనిలోని కిటుకంతా ఆ గోడల్లోనే ఉంది. నల్లజాతి మనుషుల్లో ఆ మ్యూజియంలో బొమ్మలు ఎంచే క్యూరేటర్ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆమె. చేరగానే నేలమాళిగ అంతా వెతికింది. మనవాళ్లు వేసిన బొమ్మ ఒక్కటి లేదు. కానీ అవి ఎక్కడున్నాయో ఆమెకి తెలుసు. సోఫాల మీద, టీవీల పైన, మంగలి షాపుల అద్దాల పక్కన, దక్షిణ షికాగో ముందుగదుల నిండా ఉన్నాయి. పుట్టినరోజుకి ఇచ్చినవి, అద్దె కట్టలేక ఇంటావిడకి ఇచ్చినవి, పెళ్లికానుకలు.

అడిగితే ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. సామాన్లన్నీ వాయిదాల మీద కొనే వీధులు అవి. గోడకి అంటించి వెలిసిన పూలకాగితం మధ్య ఒక చోట మాత్రం కొత్త రంగు చతురస్రంగా కనిపించిందంటే చాలు, ‘పాపం, షాపువాళ్లు వచ్చి ఎత్తుకుపోయారట’ అని ఆదివారానికల్లా చర్చంతా చెప్పుకుంటుంది. ఆ పరువు పోవడం ఎవరికీ ఇష్టం లేదు.

అందుకే ఆర్డెల్లా ఒక నియమం పెట్టుకుంది. ఒకటి దించితే, అక్కడికక్కడే ఇంకోటి తగిలించి గానీ గుమ్మం దాటదు. సుత్తి, వంకర చూసే రసమట్టం చేతిసంచిలోనే ఉంటాయి. ఆ నియమంతోనే ఏ పెద్దమనిషికీ తెరుచుకోని తలుపులు ఆమెకి తెరుచుకున్నాయి.

ఆ ‘ఇంకోటి’ ఎవరి బొమ్మో వార్డెల్‌కి ఈరోజే తెలిసింది.

“అంటే నేను అట్టముక్కని,” అన్నాడు. “కిటికీ అద్దం పగిలితే కొత్తది వచ్చేదాకా అడ్డుపెట్టే అట్టముక్కని.”

“ఆంబ్రోస్ బొమ్మ దించిన మేకుకి ఏదో క్యాలెండర్ తగిలిస్తే మోజెల్ ఊరుకుంటుందా? దానికి సమానంగా నిలబడేది కావాలి. నాకు తెలిసి అలాంటివి నీ దగ్గరే ఉన్నాయి.”

“తీపి మాటలొద్దు. నిలబడేదే అయితే మ్యూజియంలోనే నిలబెట్టొచ్చుగా!”

ఆర్డెల్లా కత్తి కింద పెట్టింది.

“నేను ఉద్యోగంలో చేరిన రోజు డైరెక్టర్ హాస్కెల్ ఏమన్నాడు? ‘మిసెస్ టాలివర్, మీవాళ్ల బొమ్మలంటే మీ ఇంటివాళ్లవి కాదు కదా’ అన్నాడు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ సాయంత్రం నువ్వు నా తలంటి, నూనె రాసి, జడలు అల్లావు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. గుర్తుందా?”

గుర్తుంది. ఆ పొట్టి జడ గుర్తొచ్చి వార్డెల్ పెదవి కొస కదలబోయింది. గట్టిగా బిగించాడు.

“నీ బొమ్మ ఒక్కటి కనపడితే చాలు,” అంది ఆర్డెల్లా. “మిగతా బొమ్మలన్నీ నా మొగుడి స్నేహితులవి అయిపోతాయి. శుక్రవారం ప్రదర్శన మొదలవుతుంది. ఆపడానికి సాకు కోసం ఆయన కాచుకుని కూర్చున్నాడు. ఈసారి ఆగిందంటే మళ్లీ ఎన్నేళ్లకి మనవాళ్ల బొమ్మ ఆ గుమ్మం తొక్కుతుందో నాకు తెలీదు.”

“ఆంబ్రోస్‌కి ఉత్తరపు గోడ మొత్తం ఇచ్చావు. అతను నీకేమీ కాడా?”

ఎర్నస్టీన్ తినడం మానేసింది.

ఆంబ్రోస్ క్విన్, ఆర్డెల్లా ఒకే కాలేజీలో చదివారు. అతని బొమ్మల గురించి పత్రికలో మొదటి వ్యాసం రాసింది ఆమె. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటారని కాలేజీ మొత్తం అనుకుంది. అతను పారిస్ వెళ్లిపోయాడు. ఆమె ఇక్కడే బొమ్మల గురించి రాస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లకి, ఆమె పెళ్లి ముచ్చట్లు తీరకముందే, ఆకులు రాలే వేళకి పట్టుమెడగుడ్డ కట్టుకుని షికాగోలో దిగాడు.

“జవాబు చెప్పు,” అన్నాడు వార్డెల్.

ఫోన్ మోగింది. ఆర్డెల్లా లేచేలోపు అతనే అందుకున్నాడు.

“డెల్లా ఉందా?” అంది అవతలి మగగొంతు.

“ఇక్కడ డెల్లా అనేవాళ్లెవరూ లేరు. మిసెస్ టాలివర్ ఉంది. భోంచేస్తోంది.”

“ఓ, బ్రదర్ టాలివర్! మీ వీధి చివర చేపల షాపు బోర్డు నువ్వు రాసిందేనటగా? ఆ అక్షరాల నీడలు చూస్తూ నిలబడి బస్సు వదిలేశాను తెలుసా.”

వార్డెల్ ఫోన్ పెట్టేశాడు.

“ఎవరు?” అంది ఆర్డెల్లా.

“చేపలవాడు.”

*



మామూలుగా అయితే ఆదివారం సాయంత్రం వాళ్లకి పండగ. ఆమె వంటింటి బల్ల మీద టైపు కొడుతుంటే అతను ఎదురుగా కూర్చుని కుంచెలు కడిగేవాడు. వాక్యం బాగా కుదిరినప్పుడల్లా ఆమె కాలు బల్ల కింద నుంచి వచ్చి అతని పాదం మీద వాలేది. అలా వాలిన పాదం చల్లదనాన్ని బట్టి ఆ వాక్యం ఎంత గొప్పదో అతను చెప్పగలిగేవాడు. కొత్తకాపురంలో అలాంటి పిచ్చి లెక్కలు చాలా ఉంటాయి.

ఆరోజు టైపు చప్పుడు ఒంటరిగా వినిపించింది. ఆమె కాళ్లు కుర్చీ కిందే ఉన్నాయి.

ఆమె పొయ్యి దగ్గరకి వెళ్లినప్పుడు అతను బల్ల మీద కాగితాలు తిప్పాడు. ప్రదర్శన పుస్తకానికి ఆమె రాస్తున్న ముందుమాట. తిప్పిన ప్రతి కాగితంలో ఆంబ్రోస్ ఉన్నాడు. ఆంబ్రోస్ గీత, ఆంబ్రోస్ వెలుగు. ఆంబ్రోస్ వాడే నీలం గురించి ఒక పేరా నిండా రాసింది.

నీలం! నీలమేమన్నా వాడి తాతగారి ఆస్తా? వార్డెల్‌కి ఒళ్లు మండిపోయింది. తన దుప్పటి నీలం కోసం అతను ఎన్ని రంగులు పాడుచేశాడో ఈమె పక్కనుండి చూసింది. అప్పుడు ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటూ భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. ఆ మాట ఎక్కడా రాయలేదు.

పుస్తకంలో తన పేరు లేదు. గోడ మీద తన బొమ్మ లేదు. ఆమె పేరు చివర ‘టాలివర్’ అని మాత్రం తను ఉన్నాడు, ఆంబ్రోస్ బొమ్మల కింద సంతకం చెయ్యడానికి.

“టీ తాగుతావా?” అంది ఆర్డెల్లా పొయ్యి దగ్గర నుంచి.

అతను కాగితాలు ఎప్పటిలా సర్ది పెట్టేశాడు. ఆ కెటిల్ కూడా ఆమె పక్షమే అనిపించింది. సన్నగా, నవ్వుతున్నట్టు కూస్తోంది.

*

సోమవారం మధ్యాహ్నం, షాపువాళ్ల వ్యాను వేసుకుని, రంగుల మరకల పనిబట్టలతోనే వార్డెల్ మోజెల్ ఇంటికి వెళ్లాడు.

“బొమ్మ తీసుకెళ్లాలి సిస్టర్. మ్యూజియంకి కావాలట,” అన్నాడు. సగం అబద్ధమే అని మనసుకి చెప్పుకున్నాడు. అబద్ధాలన్నీ ముందు సగంతోనే మొదలవుతాయని అతనికి ఆ క్షణంలో తట్టలేదు.

మోజెల్ కుర్చీలోంచి లేవలేదు. ఆ కుర్చీ నిన్న కిటికీ వైపు తిరిగి ఉండటం అతను చూశాడు. ఇవాళ బొమ్మ వైపు తిరిగి ఉంది.

“ఆర్డెల్లా చెప్పిందా?”

“ఆమే పంపింది.”

“విడ్డూరంగా ఉందే. తగిలించిన వారంలోనే ఇది నాకే ఉంచెయ్యమ్మా, ఆంబ్రోస్‌ది మీ మ్యూజియమే ఉంచుకోనీ అన్నాను. నా మీద కస్సుమంది.”

వార్డెల్ చేతులు ఫ్రేము మీదే ఆగిపోయాయి. “ఎవరు?”

“నీ పెళ్లాం. ‘కుదరదు సిస్టర్, అన్నీ అడగండి, అది అడగొద్దు’ అంది. అప్పటినుంచీ వారం వారం ఏదో వంకతో వస్తుంది. నన్ను చూడ్డానికా? కాదు. తలుపు దగ్గర నిలబడి దీన్ని చూసి పోతుంది. నేనేదో దాని మొగుణ్ణి ఎత్తుకొచ్చినట్టు!”

ఆంబ్రోస్ బొమ్మ వద్దు, ఇదే కావాలని ఒక మనిషి అడిగింది. అడిగితే ఆర్డెల్లా తనకి చెప్పలేదు. సంతోషం గొంతు దాకా వచ్చి, అక్కడే కోపంగా మారిపోయింది. తను గెలిచిన ఒకే ఒక్క పందెం కూడా తనకి తెలియకుండా దాచేసింది.

అతను బొమ్మ దించాడు. వెనక గోడ కాగితం మీద గులాబీపూలు కొత్తగా మెరిశాయి. చుట్టూ ఉన్నవన్నీ టీ రంగుకి తిరిగాయి. మధ్యలో మేకు ఒక్కటే మిగిలింది.

మోజెల్ ఆ చతురస్రాన్ని చూసి మొహం చిట్లించింది.

“చూడు నాయనా, రేపు మా స్త్రీల సమాజం వాళ్లంతా ఇక్కడికే వస్తున్నారు. చీకటి పడేలోపు ఆ మేకు మీద ఏదో ఒకటి ఉండాలి. లేదంటే ఆంబ్రోస్ బొమ్మ నా ఇంటికి రావాలి. నేనొక్కదాన్నే అడుగుతాననుకోకు. డీకన్ గారి భార్యకి ఫోన్ చేస్తాను. ఆమె మిగతావాళ్లకి చేస్తుంది. ఇచ్చినవాళ్లందరం కలిసి వచ్చి ఎవరిది వాళ్లం తీసుకుపోతాం.”

“సాయంత్రానికి పెట్టేస్తాను సిస్టర్.”

“నీ మాట కాదు, ఆర్డెల్లా మాట మీద ఇచ్చాను.”

వ్యాను ఎక్కి, మేడ కిటికీ వైపు ఒకసారి చూశాడు. తిరిగి వెళ్లి తగిలించెయ్యొచ్చు. మోజెల్ ఇంకా మొదటి ఫోన్ కూడా చేసి ఉండదు.

వ్యాను మ్యూజియం వైపు తిప్పాడు.

*

ముందు గుమ్మం దగ్గర కాపలావాడు అతని పనిబట్టలు చూసి, ఒక్క మాట కూడా వినకుండా వెనక వీధి వైపు వేలు చూపించాడు. “సామాన్లు అటు.”

వెనక గుమ్మం దగ్గర గుమాస్తా బొమ్మని బల్ల మీద పెట్టించాడు. కొలిచాడు. ఒక అంకె రాసిన అట్టచీటీని ఫ్రేముకి దారంతో కట్టి ముద్ర కొట్టాడు.

వార్డెల్ అడ్డు చెప్పలేదు. చెప్పాలని అనిపించలేదు. ఊరి పెద్ద మ్యూజియం చీటీ తన బొమ్మకి వేలాడుతుంటే చూడ్డానికి ఎంత బాగుందో! చిన్నపిల్ల చెవికి కొత్త కమ్మలా ఉంది. ఒక్కసారి వేలితో తాకి చూశాడు.

“గుర్తుంచుకో,” అన్నాడు గుమాస్తా. “ఈ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది డైరెక్టర్ సంతకం లేకుండా బయటికి పోదు.”

వార్డెల్ తలూపాడు. ఆ మాట చెవిలో పడింది గానీ తలకెక్కలేదు.

ప్రదర్శన గది గుమ్మం దగ్గర రెండు జతల బూట్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఆర్డెల్లా గోధుమరంగు బూట్లు. రెండోది సన్నటి మొనలున్న పారిస్ బూట్లు. లోపల నేలకి కొత్తగా మెరుగు పెట్టారు, అందుకే విప్పారు. ఆ కారణం కళ్లెదుటే ఉంది. అయినా ఇంట్లో ఆ గోధుమరంగు బూట్ల పక్కన ఉండే చోటు తనది. ఆ చోట్లో ఇప్పుడు ఇంకొకడి బూట్లున్నాయి.

తన బూట్లు విప్పాడు. మేజోడుకి బొటనవేలి దగ్గర కన్నం. అలాగే లోపలికి నడిచాడు.

గోడల పొడవునా బొమ్మలన్నీ నేల మీద ఆనించి ఉన్నాయి. తగిలించే ముందు ఆమె వాటిని అలాగే పెట్టి, వాటి మధ్య తిరుగుతూ, ఏది దేని పక్కన ఉండాలో చూసుకుంటుంది. ‘కొత్త కోడళ్లని పంక్తిలో కూర్చోబెట్టినట్టు’ అని ఒకసారి తనే నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు ఆమె నేల మీద కూర్చుని ఉంది. పక్కన ఆంబ్రోస్. మధ్యలో నూనె మరకల కాగితం పొట్లంలో వేయించిన చేప. ఇద్దరూ అందులోంచే తింటున్నారు.

“నా బొమ్మ నేను తెచ్చేసుకున్నాను,” అన్నాడు వార్డెల్.

ఆర్డెల్లా లేచి నిలబడింది. అతని చేతిలో బొమ్మని చూసింది. తర్వాత దానికి వేలాడే చీటీని చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు.

“మోజెల్ మేకు మీద ఏముంది?”

“ఏమీ లేదు.”

“వార్డెల్, తిరిగి తగిలించు. ఇప్పుడే. పరిగెత్తు.”

“సంతకం కావాలి,” అన్నాడు ఆంబ్రోస్ చేతులు తుడుచుకుంటూ. “చీటీ కట్టేశారు డెల్లా. హాస్కెల్ సంతకం పెట్టందే ఇది బయటికి పోదు.”

“ఆయన్ని అడిగితే ఇది ఎవరిదని అడుగుతాడు,” అంది ఆర్డెల్లా. “ఎందుకొచ్చింది, ఎక్కడికి పోతోంది అంటాడు.” ఆమె నుదురు పట్టుకుంది. “ఏం చేశావయ్యా నువ్వు!”

ఆ ‘అయ్యా’లో కోపం కంటే అలసట ఎక్కువుంది. అది వార్డెల్‌కి గుచ్చుకుంది. గుచ్చుకున్న చోటు నుంచే మాట వచ్చింది.

“మోజెల్ ఇది కావాలని అడిగిందట. నాకెందుకు చెప్పలేదు?”

ఆమె ఆంబ్రోస్ వైపు చూసింది. ఆంబ్రోస్ మర్యాదగా మొహం తిప్పుకుని ఒక బొమ్మని చూడసాగాడు.

“చెబితే ఇచ్చేసేవాడివి,” అంది మెల్లగా. “ఎవరు అడిగితే వాళ్లకి ఇచ్చేస్తావు. నా పాదాలు పట్టుకెళ్లి ఆవిడ సోఫా మీద శాశ్వతంగా పెట్టేసేవాడివి. ఆవిడ పొద్దున్నే లేచి కాఫీ తాగుతూ దీన్ని చూస్తుందట. నాకు నిద్ర పట్టలేదు వార్డెల్. అరవై ఏళ్ల ముసలావిడ మీద అసూయ పడ్డాను. ఆ మాట ఎవరితో చెప్పుకోను?”

వార్డెల్ నిన్నటి నుంచి కట్టుకున్న కోపమంతా కిందనుంచి ఒక ఇటుక లాగేసినట్టు కదిలింది. మేజోడు కన్నంలోంచి బొటనవేలు చల్లటి నేలని తాకింది. ఆమె ఆ వేలిని చూసింది. చూసి, అంత కంగారులోనూ, పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

అదే సమయానికి నడవలో అడుగుల చప్పుడు వినిపించింది.

డైరెక్టర్ హాస్కెల్ బూట్లు విప్పలేదు. మెరుగు పెట్టిన నేల మీద టకటకా నడిచి వచ్చాడు. ఆనించిన బొమ్మల ముందు నుంచి, దుకాణంలో ధరలు చూసేవాడిలా తల ఊపుతూ సాగాడు. వార్డెల్ చేతిలో బొమ్మ దగ్గర ఆగాడు.

“ఇటు తిప్పవోయ్,” అన్నాడు వార్డెల్‌తో. సామాన్లు మోసేవాడనుకున్నాడు.

వార్డెల్ తిప్పాడు.

హాస్కెల్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

“మిసెస్ టాలివర్, దీన్ని నాకు ఇదివరకు చూపించలేదేం? ఆ దుప్పటి కదులుతోంది చూడండి.” వంగి బొమ్మ అడుగు మూల చూశాడు. “సంతకం లేదే?”

రోజంతా ఇతరుల పేర్లు రాసే వార్డెల్ తన బొమ్మల మీద తన పేరు ఎప్పుడూ రాయలేదు. ఇంటికొచ్చాక ఇంకో పేరు రాసే ఓపిక ఉండదని నవ్వేవాడు.

“ఈ పాదాలు ఎవరివో గానీ,” అన్నాడు హాస్కెల్, “వేసినవాడు వాటిని బాగా ఎరిగినవాడు. ఎవరిదండీ ఇది?”

ఆర్డెల్లా చేతిసంచి పట్టీని వేళ్లకి చుట్టుకుంటోంది. భర్తది అంటే శుక్రవారం ప్రదర్శన లేదు. ఎవరిదో తెలీదంటే ఈ గదిలో నిలబడిన మొగుడు లేనట్టే. వార్డెల్‌కి ఆ రెండూ ఆమె మొహంలో కనిపించాయి. మొదటిది తనే చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమె ఇన్నాళ్ల కష్టం తన చేత్తో నేలపాలు చేసినట్టే. మింగాడు.

“నాదండి,” అన్నాడు ఆంబ్రోస్.

మెల్లగా, తేలిగ్గా, టోపీ మర్చిపోయినవాడు వెనక్కి వచ్చి అడిగినట్టు అన్నాడు. “పాతది. ఒక స్నేహితుల ఇంట్లో ఉండిపోయింది. సంతకం చెయ్యడం మరిచిపోయాను.”

“నేననుకున్నాను,” అన్నాడు హాస్కెల్ సంతోషంగా. “ఆ నీలం చూసి ముందే పోల్చుకున్నాను. మీరు పుస్తకంలో రాసిందీ దాని గురించేగా మిసెస్ టాలివర్? దీన్ని ఉత్తరపు గోడ మధ్యలో పెట్టండి. మిగతావన్నీ దీనికి అటూ ఇటూ జరగాలి.”

ఆ గోడ మధ్య చోటు కోసం వార్డెల్ నెలరోజులు కలలు కన్నాడు. కలలో కూడా అది ఇలా దొరకలేదు.

అతను ఆంబ్రోస్ వైపు చూశాడు. ఆంబ్రోస్ కళ్లలో ఎగతాళి లేదు. ‘ఆమెని కాపాడాను, అర్థం చేసుకో బ్రదర్’ అన్నట్టు చూస్తున్నాడు. ఎగతాళి ఉన్నా బాగుండేది. కొట్టడానికి వీలుండేది.

ఆ పాదాలు ఎరిగినవాడు ఇప్పుడు ఆంబ్రోస్. శుక్రవారం ఊరంతా వచ్చి చూసి అదే అనుకుంటుంది. మోజెల్ వచ్చి చూస్తే ఏమంటుందో!

“ఎలాగూ నేనిక్కడే ఉన్నాను,” అన్నాడు హాస్కెల్ గడియారం చూసుకుంటూ. “బొమ్మ కింద పెట్టే చీటీ ఇప్పుడే రాసెయ్యండి. సంతకం పెట్టేసి పోతాను.”

ఆర్డెల్లా బల్ల దగ్గరికి వెళ్లింది. తెల్లటి అట్టముక్క తీసింది. కలం మూత విప్పింది. ‘నీలం దుప్పటి’ అని రాసింది. ఆ పేరు వార్డెల్ పెట్టింది, వరండాలో, ఆమె తడిబట్టలు పిండుతుంటే.

తర్వాత రాయాల్సింది వేసినవాడి పేరు. కలం కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది.

“పేరు ఎలా రాయమంటారు?” అంది ఆమె, తల ఎత్తకుండా.

అడిగింది ఎవరినో వార్డెల్‌కీ తెలియలేదు, ఆంబ్రోస్‌కీ తెలియలేదు. ఇద్దరూ ఒకేసారి ఒక అడుగు ముందుకు వేశారు.